కరెంటు, సర్క్యూట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైస్కూలులో భౌతికశాస్త్రం చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి ఏటా ఇవే సందేహాలు వింటున్నాను. పిల్లలు అడిగినవే మళ్లీ వాళ్ల తల్లిదండ్రులు అడుగుతారు, ఇంటికి వైరింగు చేయించుకుంటున్న ఇరుగుపొరుగువారూ అడుగుతారు. తికమక చాలావరకు మన మాటలోనే మొదలవుతుంది. సరఫరాకు, వోల్టేజీకి, బిల్లుకు, షాకుకు, అన్నిటికీ ‘కరెంటు’ అనే ఒక్క మాటే వాడేస్తాం. అందుకే ఏ జవాబులో ఏ కరెంటు గురించి చెబుతున్నానో విడదీసి రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## పాఠం మొదలుపెట్టేటప్పుడు

కరెంటు అంటే అసలు ఏమిటి? తీగలో పారేది ఏమిటి?

రాగి తీగలో ప్రతి పరమాణువు నుంచీ సుమారుగా ఒక బయటి ఎలక్ట్రాను పరమాణువుల మధ్య స్వేచ్ఛగా తిరుగుతూ ఉంటుంది. మామూలుగా ఇవి అన్ని వైపులకూ తిరుగుతాయి కాబట్టి మొత్తం మీద ఎటూ ప్రవాహం ఉండదు. బ్యాటరీ తగిలించగానే అవన్నీ కొద్దికొద్దిగా ఒకే వైపు జరగడం మొదలుపెడతాయి. ఆ జరుగుడే విద్యుత్ ప్రవాహం. తీగలో ఒక చోట నిలబడి చూస్తే సెకనుకు ఎంత ఆవేశం దాటి వెళ్లిందో అదే కరెంటు విలువ. సెకనుకు ఒక కూలంబు దాటితే 1 ఆంపియర్. ఎలక్ట్రాన్ల లెక్కలో అయితే 624 పక్కన 16 సున్నాలు పెట్టాలి.

“కరెంటు పోయింది”, “కరెంటు బిల్లు వచ్చింది”, “కరెంటు తక్కువగా వస్తోంది” అంటాం. ఇవన్నీ ఒకే కరెంటేనా?

కాదు. ‘కరెంటు పోయింది’ అన్నప్పుడు ఆగిపోయింది సరఫరా, అంటే మన ఇంటికి వచ్చే వోల్టేజీ. ‘కరెంటు తక్కువగా వస్తోంది’ అన్నప్పుడు కూడా తగ్గింది వోల్టేజీయే, 230 ఉండాల్సినది 180కి పడిపోయి ఉంటుంది. ‘కరెంటు బిల్లు’లో లెక్కగట్టేది శక్తిని, దాన్ని యూనిట్లలో కొలుస్తారు. ‘ఏసీ కరెంటు ఎక్కువ లాగుతుంది’ అనే మాట ఒక్కటే శాస్త్రం చెప్పే కరెంటుకు, అంటే ఆంపియర్లకు, దగ్గరగా ఉంటుంది. మాటను మార్చుకోమని నేను అనను. లెక్క చేసేటప్పుడు మాత్రం వోల్టులా, ఆంపియర్లా, వాట్లా, యూనిట్లా అని ఒక్కసారి ఆగి చూసుకోండి, సగం తప్పులు అక్కడే పోతాయి.

వోల్టేజీకీ కరెంటుకీ తేడా గుర్తుండేలా చెప్పండి.

మేడ మీది నీళ్ల ట్యాంకును తలచుకోండి. ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే కుళాయి దగ్గర అంత ఒత్తిడి. అది వోల్టేజీ లాంటిది. కుళాయి నుంచి నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తున్నాయన్నది కరెంటు లాంటిది. కుళాయి కట్టేసి ఉన్నా ఒత్తిడి ఉంటుంది, ప్రవాహం ఉండదు. అలాగే ఏమీ తగిలించని ప్లగ్గు బోర్డులో వోల్టేజీ ఉంటుంది, కరెంటు ఉండదు.

ఈ పోలిక ఒక చోట తప్పుదారి పట్టిస్తుంది. పైపు కోస్తే నీళ్లు బయటికి చిమ్ముతాయి. వైరు కోస్తే కరెంటు బయటికి కారదు, మొత్తం సర్క్యూట్‌లోనే ఆగిపోతుంది.

ఎలక్ట్రాన్లు మైనస్ నుంచి ప్లస్‌కు వెళ్తాయట. పుస్తకంలో బాణం ప్లస్ నుంచి మైనస్‌కు ఉంది. ఏది నిజం?

రెండూ సరైనవే. ప్లస్, మైనస్ అనే పేర్లు 18వ శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పెట్టినవి. ఆవేశం ప్లస్ వైపు నుంచి పారుతుందని అప్పుడు అనుకున్నారు, బాణం గుర్తు ఆ లెక్క ప్రకారమే స్థిరపడింది. ఎలక్ట్రానును జె.జె. థామ్సన్ కనుగొన్నది 1897లో. దాని ఆవేశం రుణావేశం కాబట్టి లోహాల్లో అది బాణానికి ఎదురుగా కదులుతుందని తేలింది. అయినా బాణాన్ని ఎవరూ తిప్పలేదు, తిప్పాల్సిన అవసరమూ లేదు. రుణావేశం ఎడమకు కదలడం, ధనావేశం కుడికి కదలడం లెక్కలో ఒకటే. పరీక్షలో, సర్క్యూట్ బొమ్మల్లో ప్లస్ నుంచి మైనస్‌కే గీయండి.

ఎలక్ట్రాన్లు నత్తకంటే నెమ్మదిగా వెళ్తాయంటారు. మరి స్విచ్ వేయగానే బల్బు ఎలా వెలుగుతుంది?

నెమ్మది అన్న మాట నిజమే. అడ్డంగా కోస్తే ఒక చదరపు మిల్లీమీటరు వైశాల్యం ఉన్న రాగి తీగలో 1 ఆంపియర్ పారుతుంటే ఎలక్ట్రాన్ల సగటు వేగం సెకనుకు దాదాపు 0.07 మిల్లీమీటర్లు. మీటరు దూరం జరగడానికి నాలుగు గంటలకు దగ్గరగా పడుతుంది.

కానీ బల్బు వెలగడానికి స్విచ్ దగ్గరి ఎలక్ట్రాను బల్బు దాకా రానక్కర్లేదు. తీగ పొడవునా, బల్బు లోపల కూడా, ఎలక్ట్రాన్లు ముందే నిండి ఉన్నాయి. నిండుగా నీళ్లున్న రబ్బరు గొట్టానికి కుళాయి తిప్పగానే రెండో కొస నుంచి నీళ్లు వస్తాయి కదా, అలాగే. ‘కదలండి’ అనే ఆజ్ఞ, అంటే విద్యుత్ క్షేత్రం, సెకనుకు లక్షల కిలోమీటర్ల వేగంతో తీగ వెంట పాకుతుంది.

ఇంటికి వచ్చే ఏసీ సరఫరాలో, అంటే మాటిమాటికీ దిశ మార్చుకునే సరఫరాలో అయితే, ఎలక్ట్రాన్లు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతాయి, ఆ ఊపు మామూలుగా మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. విద్యుత్ కేంద్రంలో బయలుదేరిన ఎలక్ట్రాను మన ఇంటికి ఎప్పటికీ రాదు. వచ్చేది శక్తి. ఈ మాట చెప్పినప్పుడు తరగతి మొత్తం ఒక్క క్షణం నిశ్శబ్దమవుతుంది. పాఠంలో నాకు బాగా ఇష్టమైన చోటు అది.

నీళ్లలో కరెంటు పారుతుందా, పారదా?

స్వచ్ఛమైన నీటిలో దాదాపు పారదు. కానీ బోరు నీళ్లలో, కుళాయి నీళ్లలో, చెమటలో లవణాలు కరిగి ఉంటాయి. అవి అయాన్లుగా విడిపోయి ఆవేశాన్ని మోస్తాయి. కాబట్టి మన చుట్టూ ఉన్న నీళ్లన్నీ ప్రమాదకరమైనవే అనుకోవాలి.

## మొదటి సర్క్యూట్ కట్టేటప్పుడు

సెల్లు, బల్బు, వైరు అన్నీ ఉన్నాయి. అయినా బల్బు వెలగడం లేదు. ఎందుకు?

ఎక్కువమంది చేసే పొరపాటు బల్బును ఒకే చోట తాకించడం. టార్చి బల్బును దగ్గరగా పట్టుకుని చూడండి. అడుగున చిన్న సీసపు చుక్క ఉంటుంది, చుట్టూ లోహపు కాలరు ఉంటుంది, రెండింటి మధ్యా కరెంటును పోనివ్వని నల్లటి బంధక పదార్థం ఉంటుంది. లోపల వెలిగే సన్నని తీగ, అంటే ఫిలమెంటు, ఒక కొస చుక్కకు, రెండో కొస కాలరుకు కలిసి ఉంటాయి. కరెంటు ఒక దాని ద్వారా లోపలికి వెళ్లి మరో దాని ద్వారా బయటికి రావాలి. వైర్లు రెండూ కాలరుకే తాకిస్తే ఫిలమెంటుకు కరెంటు అందదు.

పాత రకం లోహపు టార్చిలైటు దొరికితే విప్పి చూడమని పిల్లలకు చెబుతాను. సెల్లు బుడిపె బల్బు అడుగు చుక్కను తాకుతుంది. సెల్లు చదును భాగం వెనక మూతలోని స్ప్రింగు మీద కూర్చుంటుంది. స్ప్రింగు నుంచి టార్చి ఒంటిలోకి, అక్కడి నుంచి స్విచ్ కింద ఉన్న సన్నని రేకులోకి, రేకు నుంచి బల్బు కాలరుకు దారి. అంటే తిరుగు వైరు పని టార్చి ఒళ్లే చేస్తోంది. స్ప్రింగు మీద తెల్లటి పొడి పట్టినా, రేకు కొద్దిగా వంగినా దారి తెగిపోతుంది. గరుకు కాగితంతో రుద్ది, రేకును కాస్త పైకి లేపితే చాలాసార్లు ‘చచ్చిపోయిన’ టార్చి వెలుగుతుంది.

బల్బు కరెంటును తినేస్తుందా? అందుకే సెల్లు అయిపోతుందా?

తినదు. అన్నిటికంటే ఎక్కువసార్లు నా దగ్గరకు వచ్చిన సందేహం ఇదే, పెద్దవాళ్లలోనూ చాలామంది మనసులో ఉండిపోయినది ఇదే. బల్బుకు ముందు ఒక అమ్మీటరు (కరెంటును కొలిచే మీటరు), తరువాత ఒక అమ్మీటరు పెట్టి చూడండి. ముందున్నది 0.3 ఆంపియర్లు చూపిస్తే తరువాతదీ 0.3 చూపిస్తుంది. ఒక్క ఎలక్ట్రాను కూడా బల్బులో మాయం కాదు.

మరి ఖర్చయ్యేది ఏమిటి? సైకిలు చైనును చూడండి. పెడల్ దగ్గర బయలుదేరిన లింకులన్నీ వెనక చక్రం దాకా వెళ్లి తిరిగి పెడల్ దగ్గరికే వస్తాయి. చక్రం చైనును తినదు. కానీ మీ కాలు పెట్టిన శ్రమ మాత్రం చైను ద్వారా చక్రానికి చేరిపోయింది. సర్క్యూట్‌లో ఎలక్ట్రాన్లు ఆ చైను లాంటివి. సెల్లు లోపలి రసాయనాలలో దాగి ఉన్న శక్తి వాటి ద్వారా బల్బుకు చేరి వెలుగుగా, వేడిగా మారుతుంది. ఆ రసాయన చర్య పూర్తయ్యాక సెల్లు నెట్టలేదు. ‘సెల్లు అయిపోయింది’ అంటే అయిపోయినవి ఎలక్ట్రాన్లు కావు, వాటిని నెట్టే సత్తువ.

రెండు ఒకే రకం బల్బులు వరసగా కలిపి చూస్తే కూడా ఇది తెలుస్తుంది. మొదటి బల్బు కరెంటును తినేసి ఉంటే రెండోది మసకగా వెలగాలి. రెండూ సమానంగానే వెలుగుతాయి.

సెల్లు రెండు కొసలనూ ఉత్త వైరుతో కలిపితే ఏమవుతుంది?

షార్ట్ సర్క్యూట్ అవుతుంది. దారిలో నిరోధం, అంటే ప్రవాహానికి అడ్డు, దాదాపు లేదు కాబట్టి సెల్లు ఇవ్వగలిగినంత కరెంటు ఒక్కసారిగా పారుతుంది, వైరూ సెల్లూ వేడెక్కుతాయి. ఒకసారి మా తరగతిలో ఒక అబ్బాయి జేబులో 9 వోల్టుల బ్యాటరీ, తాళం చెవి కలిపి వేసుకున్నాడు. రెండు టెర్మినళ్లకూ చెవి అడ్డంగా తగిలి, బ్యాటరీ జేబులోనే వేడెక్కడంతో కేక పెట్టి లేచాడు. మామూలు సెల్లుతోనే ఇలా ఉంటే, ఫోను బ్యాటరీ లాంటి లిథియం బ్యాటరీని షార్ట్ చేస్తే మంటలే రావచ్చు. దానితో ప్రయోగాలు అసలు వద్దు.

9 వోల్టుల బ్యాటరీకి ఎల్ఈడీ నేరుగా పెడితే ఒక్కసారి మెరిసి పోయింది. ఏం తప్పు చేశాను?

ఎల్ఈడీకి రెసిస్టరు, అంటే కరెంటుకు అడ్డుపడే చిన్న భాగం, తోడు లేకుండా పెట్టారు. ఎర్ర ఎల్ఈడీ వెలగడానికి దాదాపు 2 వోల్టులు చాలు. అది దాటాక వోల్టేజీ కొద్దిగా పెరిగినా కరెంటు విపరీతంగా పెరుగుతుంది. మిగిలిన 7 వోల్టులను రెసిస్టరు మీద పడేయాలి. 20 మిల్లీఆంపియర్లు కావాలంటే 7 ÷ 0.02 = 350 ఓములు (నిరోధాన్ని ఓములలో కొలుస్తారు). అంగడిలో సులువుగా దొరికే 390 ఓముల రెసిస్టరు పెడితే దాదాపు 18 మిల్లీఆంపియర్లు పారతాయి, సరిపోతుంది. పొడుగు కాలు ప్లస్ వైపు ఉండాలి.

రెసిస్టరును ఎల్ఈడీకి ముందు పెట్టాలా, తరువాత పెట్టాలా?

ఎటు పెట్టినా ఒకటే. వరస సర్క్యూట్‌లో అన్ని చోట్లా కరెంటు ఒకటే కాబట్టి ఒక చోట అడ్డుపడితే మొత్తం వలయంలోనే తగ్గుతుంది.

## లెక్కలు మొదలయ్యాక

ఓమ్ నియమం అన్నిటికీ వర్తిస్తుందా?

వర్తించదు. జర్మన్ శాస్త్రవేత్త గేయార్గ్ ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రం ఇది: వోల్టేజీ = కరెంటు × నిరోధం. లోహపు తీగలను ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఉంచినప్పుడు ఇది చక్కగా సరిపోతుంది. పాత ఫిలమెంటు బల్బు వేడెక్కుతున్న కొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పటి నిరోధం, వెలుగుతున్నప్పటి నిరోధంలో పదో వంతు దగ్గర ఉంటుంది. అందుకే పాత బల్బులు చాలావరకు స్విచ్ వేసిన క్షణంలోనే మాడిపోయేవి, ఆ క్షణంలోనే కరెంటు అన్నిటికంటే ఎక్కువ. ఎల్ఈడీలు, కరెంటును ఒక్క వైపే పోనిచ్చే డయోడ్లు కూడా ఈ నియమానికి లొంగవు.

సిరీస్, ప్యారలల్ ఎప్పుడూ తారుమారవుతున్నాయి. ఎలా గుర్తుపెట్టుకోవాలి?

పెళ్లి పందిట్లో వేలాడదీసే దీపాల దండను మనం ‘సీరియల్ సెట్టు’ అంటాం. ఆ పేరులోనే జవాబు ఉంది. పాత సెట్టులో చిన్న బల్బులు ఒకదాని వెనక ఒకటి, ఒకే దారిలో ఉంటాయి. 50 బల్బులుంటే 230 వోల్టులను పంచుకుని ఒక్కొక్కటి 4.6 వోల్టులు తీసుకుంటుంది. ఒక్కటి మాడితే దారి తెగి దండ మొత్తం ఆరిపోతుంది. ఇది శ్రేణి అనుసంధానం.

ఇంట్లో వంటగది బల్బు ఆపితే పడకగది ఫ్యాను ఆగదు. ప్రతిదానికీ విడిగా దారి ఉంది, ప్రతిదానికీ పూర్తి 230 వోల్టులు అందుతాయి. ఇది సమాంతర అనుసంధానం. శ్రేణిలో కరెంటు ఒకటే, వోల్టేజీ పంచుకుంటారు. సమాంతరంలో వోల్టేజీ ఒకటే, కరెంటు పంచుకుంటారు.

ఇక్కడ పిల్లలు నమ్మలేని విషయం ఒకటుంది. సమాంతరంగా బల్బులు పెంచుతూ పోతే మొత్తం నిరోధం తగ్గుతుంది. టికెట్ల కౌంటర్లు పెంచితే వరస త్వరగా కదిలినట్టు, దారులు పెరిగితే మొత్తం ప్రవాహం పెరుగుతుంది. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఇస్త్రీ పెట్టె, హీటరు, మిక్సీ కలిపి పెడితే బోర్డు వైరు వేడెక్కేది ఇందుకే.

60 వాట్ల బల్బు, 100 వాట్ల బల్బు శ్రేణిలో కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుంది?

60 వాట్లదే. 230 వోల్టుల దగ్గర 60 వాట్ల ఫిలమెంటు బల్బు నిరోధం దాదాపు 880 ఓములు, 100 వాట్లది దాదాపు 530 ఓములు. శ్రేణిలో కరెంటు రెండింటికీ ఒకటే కాబట్టి నిరోధం ఎక్కువ ఉన్నచోటే ఎక్కువ శక్తి విడుదలవుతుంది. పరీక్షల్లో తరచూ వస్తుంది.

ఇస్త్రీ పెట్టె ఎర్రగా కాలుతుంటే దాని వైరు మాత్రం చల్లగా ఎందుకుంటుంది? రెండింట్లో పారేది ఒకే కరెంటు కదా?

కరెంటు ఒకటే, నిరోధాలు వేరు. వేడి = కరెంటు వర్గం × నిరోధం × కాలం. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టెలో దాదాపు 4.3 ఆంపియర్లు పారతాయి. లోపలి నైక్రోము చుట్ట నిరోధం 50 ఓములు దాటి ఉంటుంది, వైరుది ఓములో చిన్న భాగం. వైరు వేడెక్కుతోందంటే అది సన్నదైనా అయి ఉండాలి, ప్లగ్గు దగ్గర లూజ్ కాంటాక్ట్ అయినా ఉండాలి. ప్లగ్గు పిన్నులలో ఒకటి నల్లబడి, పక్కన ప్లాస్టిక్ కరిగిన గుర్తు కనిపిస్తే ఆ సాకెట్ మార్చేదాకా వాడకండి.

బైకు బ్యాటరీ 12 వోల్టులే కదా. ఎనిమిది పెన్సిల్ సెల్లులు కలిపితే బైకు స్టార్ట్ అవుతుందా?

అవదు. ఎనిమిది సెల్లులు శ్రేణిలో కలిపితే 12 వోల్టులు వస్తాయి, నిజమే. కానీ స్టార్టరు మోటారు తిరగడం మొదలయ్యే క్షణంలో బైకుకు పదుల ఆంపియర్లు, కారుకు వందకు పైగా ఆంపియర్లు కావాలి. ప్రతి సెల్లుకూ లోపల సొంత నిరోధం ఉంటుంది. ఎనిమిదింటిదీ కలిస్తే ఒక ఓము దాటుతుంది. అప్పుడు ఉత్త వైరుతో షార్ట్ చేసినా పది ఆంపియర్ల దగ్గరే ఆగిపోతుంది. సీసపు ఆమ్ల బ్యాటరీ లోపలి నిరోధం ఓములో వందో వంతు, ఇంకా తక్కువ. అందుకే దాని 12 వోల్టులు నిజంగా బరువు లాగుతాయి. అదే కారణంతో కారు బ్యాటరీ టెర్మినళ్ల మధ్య స్పానరు పడితే వందల ఆంపియర్లు పారి స్పానరు మండిపోతుంది. పొడి చేతులతో తాకితే షాకు కొట్టనంత మాత్రాన అది సాధువైన బ్యాటరీ అనుకోవద్దు.

ఒక యూనిట్ అంటే ఎంత?

1000 వాట్ల వస్తువును గంటసేపు వాడితే ఒక యూనిట్. 2000 వాట్ల గీజరు పావుగంటకు అర యూనిట్ లాగుతుంది. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఒక యూనిట్ ఖర్చు చేయడానికి 111 గంటలు వెలగాలి.

## మీటరు చేతికొచ్చాక

వోల్టేజీ కొలిచినట్టే కరెంటు కొలవబోతే మీటరులో ఫ్యూజు పోయింది. ఎందుకు?

వోల్టేజీ రెండు చోట్ల మధ్య తేడా కాబట్టి వోల్టుమీటరును వస్తువుకు సమాంతరంగా తాకిస్తాం. దాని నిరోధం చాలా ఎక్కువ, అందుకే దాని గుండా కరెంటు దాదాపు పారదు. కరెంటు అయితే మీటరు గుండానే పారాలి. అంటే సర్క్యూట్‌ను ఒక చోట తెంపి ఆ రెండు కొసల మధ్య అమ్మీటరును కూర్చోబెట్టాలి. అమ్మీటరు నిరోధం దాదాపు సున్నా. దాన్ని సెల్లుకు అడ్డంగా తాకించడమంటే ఉత్త వైరు తాకించడమే. ఆంపియర్ల రంధ్రంలో ప్రోబు ఉంచి మర్చిపోయి ఇంటి సాకెట్‌లో పెడితే మీటరు చేతిలోనే పేలవచ్చు. కొలత అవగానే ప్రోబును వోల్టుల రంధ్రంలోకి మార్చడం అలవాటు చేసుకోండి.

మీటరు పెడితే సెల్లు 1.4 వోల్టులు చూపిస్తోంది. టార్చి మాత్రం వెలగడం లేదు. మీటరు తప్పా?

మీటరు తప్పు లేదు. పాతబడిన సెల్లులో లోపలి నిరోధం పెరుగుతుంది. మీటరు కరెంటు తీసుకోదు కాబట్టి 1.4 చూపిస్తుంది. బల్బు కరెంటు అడగగానే వోల్టేజీ అంతా సెల్లు లోపలే పడిపోతుంది. బల్బు తగిలించి ఉంచి, అప్పుడు కొలవండి. అసలు సంగతి తెలుస్తుంది. అలాంటి సెల్లు గోడ గడియారంలో మాత్రం ఇంకా కొన్ని నెలలు పనిచేయవచ్చు, దానికి కావలసిన కరెంటు అంత తక్కువ.

## ఇంటి కరెంటు దగ్గరికి వచ్చాక

ఫేజు, న్యూట్రల్, ఎర్త్ అంటే ఏమిటి? మూడు వైర్లు ఎందుకు?

పని చేసేవి రెండే. ఫేజు నుంచి వచ్చిన కరెంటు వస్తువు గుండా వెళ్లి న్యూట్రల్ ద్వారా ట్రాన్స్‌ఫార్మరుకు తిరిగి చేరుతుంది. న్యూట్రల్‌ను ట్రాన్స్‌ఫార్మరు దగ్గర భూమికి కలుపుతారు కాబట్టి దాని వోల్టేజీ భూమికి దగ్గరగా ఉంటుంది. ఎర్త్ వైరులో మామూలుగా ఏమీ పారదు. ఫ్రిజ్ లోపల ఫేజు వైరు తెగి లోహపు ఒంటికి తగిలిన రోజున, ఆ కరెంటుకు మన శరీరం కంటే సులువైన దారి చూపించడం దాని పని. మన దేశంలో ఫేజుకు ఎరుపు, పసుపు, నీలం, న్యూట్రల్‌కు నలుపు, ఎర్త్‌కు పచ్చ రంగు వైర్లు వాడాలి. మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను పొడుగ్గా ఉండటానికీ కారణముంది. పెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు ఎర్త్ కలవాలి, తీసేటప్పుడు అన్నిటికంటే చివర విడిపోవాలి. ఆ పిన్నును కోసేసి రెండు పిన్నుల బోర్డులో పెట్టేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

టెస్టరు పట్టుకుంటే బల్బు వెలుగుతుంది. అంటే మన ఒంట్లోంచి కరెంటు పోతున్నట్టేనా?

అవును, పోతుంది. టెస్టరు లోపల నియాను బల్బుకు వరసగా లక్షల ఓముల రెసిస్టరు ఉంటుంది. అందువల్ల పారే కరెంటు మిల్లీఆంపియర్‌లో చిన్న భాగం, మనకు తెలియదు. టెస్టరు తడిసినా పగిలినా ఆ రక్షణ ఉండదు. టెస్టరు వెలగలేదు కాబట్టి వైరులో కరెంటు లేదని నమ్మేయడం కూడా ప్రమాదమే. ముందు పనిచేస్తున్న సాకెట్‌లో పెట్టి టెస్టరు బాగుందో లేదో చూసుకోవాలి.

స్విచ్ ఆపినా ఎల్ఈడీ బల్బు సన్నగా వెలుగుతూనే ఉంది. దెయ్యమా?

వైరింగు సంగతి. స్విచ్ ఫేజు వైరులో కాకుండా న్యూట్రల్‌లో పెట్టి ఉంటే, ఆపిన తరువాత కూడా హోల్డరు దాకా ఫేజు ఉంటుంది. గోడలోని వైర్ల మధ్య జరిగే అతి చిన్న లీకేజీ కరెంటు చాలు, ఎల్ఈడీ మినుకుమంటుంది. చిన్న సూచిక దీపం ఉన్న స్విచ్ వల్ల కూడా ఇలా కావచ్చు. మొదటి కారణమైతే వెంటనే సరిచేయించండి. స్విచ్ ఆపాం కదా అని బల్బు మార్చబోయినవారికి షాకు కొట్టేది అలాంటి ఇళ్లలోనే.

ఎంసీబీ ఉంది కదా, ఆర్‌సీసీబీ కూడా ఎందుకు?

రెండూ తేడా వస్తే తమంతట తామే పడిపోయి సరఫరా తెంపే స్విచ్‌లు. ఎంసీబీ కాపాడేది వైరును, ఆర్‌సీసీబీ కాపాడేది మనిషిని. 16 ఆంపియర్ల ఎంసీబీ దాని హద్దు దాటితేనే పడిపోతుంది. మనిషిని చంపడానికి ఆంపియర్‌లో పదో వంతు కూడా అక్కర్లేదు. 10 మిల్లీఆంపియర్లు దాటితే పట్టుకున్న చెయ్యి వదలడం కష్టమవుతుంది, 50 నుంచి 100 దగ్గర గుండె లయ తప్పవచ్చు. తడి శరీరం నిరోధం వెయ్యి ఓముల దగ్గరికి పడిపోతే 230 వోల్టుల వద్ద 230 మిల్లీఆంపియర్లు పారతాయి. ఎంసీబీకి అది ఒక చిన్న బల్బుతో సమానం, కదలదు.

ఆర్‌సీసీబీ ఫేజులో వెళ్లిన కరెంటునూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటునూ పోల్చి చూస్తూ ఉంటుంది. ఇళ్లకు వాడే రకంలో తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరేసరికి, అంటే ఎక్కడో మరో దారిలో భూమిలోకి పోతోందని తెలిసేసరికి, సెకనులో చిన్న భాగంలో తెంపేస్తుంది. దాని మీద ‘టీ’ అనే అక్షరమున్న మీటను అప్పుడప్పుడు నొక్కి చూడండి, వెంటనే పడిపోవాలి. ఒక చేత్తో ఫేజు, మరో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే మాత్రం ఇది కూడా కాపాడలేదు, ఎందుకంటే వెళ్లినదీ వచ్చినదీ సమానంగానే ఉంటాయి.

ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు వైరు చుట్టాం. ఇప్పుడు పోవడం లేదు. పర్వాలేదా?

పర్వాలేదని చెప్పలేను. ఫ్యూజు తీగ సర్క్యూట్‌లో కావాలని పెట్టిన బలహీనమైన చోటు, అది కరిగి మిగతా వైరింగును కాపాడాలి. లావు వైరు పెట్టాక కరిగేది గోడలోని వైరు అవుతుంది. ఫ్యూజు పోతోందంటే ఎక్కడో షార్ట్ ఉంది, లేదా ఒకే లైను మీద ఎక్కువ వస్తువులున్నాయి. కారణం వెతకండి.

లో వోల్టేజీ ఉన్నప్పుడు బల్బు మసకబారి ఊరుకుంటుంది, మోటారు మాత్రం ఎందుకు కాలిపోతుంది?

హీటరు, పాత బల్బు లాంటివి వోల్టేజీ తగ్గితే కరెంటు కూడా తక్కువ తీసుకుంటాయి. 230 నుంచి 180కి పడితే హీటరు ఇచ్చే వేడి 61 శాతానికి తగ్గుతుంది, అంతే. మోటారు అలా కాదు. బావిలోంచి, బోరులోంచి నీళ్లు ఎత్తే బరువు తగ్గలేదు కదా. అదే పని చేయడానికి తక్కువ వోల్టేజీ దగ్గర అది ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. వేడి కరెంటు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది, చుట్టల మీది వార్నిషు మాడుతుంది. వోల్టేజీ మరీ పడిపోతే మోటారు తిరగకుండా మూలుగుతూ నిలబడుతుంది. అప్పుడు మామూలుకు కొన్ని రెట్లు కరెంటు పారుతుంది, కొద్ది నిమిషాల్లోనే చుట్ట కాలిపోవచ్చు. వేసవి సాయంత్రాల్లో మోటారు మూలుగు వినిపిస్తే మొదట ఆపేయండి. స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే (కరెంటు మితిమీరితే మోటారును ఆపేది) ఉంటే దాన్ని తీసేసి నేరుగా కలపవద్దు.

ఎక్కువ ఆంపియర్ల చార్జరు పెడితే ఫోను పాడవుతుందా?

పాడవదు. చార్జరు మీద రాసిన ఆంపియర్లు అది ఇవ్వగలిగిన గరిష్ఠం. ఎంత తీసుకోవాలో ఫోనే నిర్ణయించుకుంటుంది. సరిపోవలసింది వోల్టేజీ.

కరెంటు తీగ మీద పిట్ట కూర్చుంటే ఏమీ కాదెందుకు?

దాని రెండు కాళ్లూ ఒకే తీగ మీద, దాదాపు ఒకే వోల్టేజీ దగ్గర ఉన్నాయి. తేడా లేనిచోట ప్రవాహం లేదు. రెక్క చాచి పక్క తీగనో, భూమికి కలిసిన ఇనుప స్తంభాన్నో తాకితే మరుక్షణమే చనిపోతుంది. పెద్ద రెక్కల పక్షులు లైన్ల మీద చనిపోయేది అలాగే.

ఎవరికైనా కరెంటు కొడితే ముందు ఏం చేయాలి?

పట్టుకుని లాగవద్దు, మీకూ కొడుతుంది. ఇంట్లో అయితే మెయిన్ స్విచ్ ఆపండి. అది దూరంగా ఉంటే పొడి నేల మీద, పొడి చెక్క పీట మీద నిలబడి పొడి కర్రతో వైరును పక్కకు నెట్టండి. మనిషి విడిపడ్డాక ఊపిరి చూడండి. స్పృహ లేక, ఊపిరి సరిగా ఆడకపోతే ఒకరిని 108కి ఫోను చేయమని చెప్పి, మరొకరు ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ అంబులెన్సు వచ్చేదాకా ఆపకుండా చేయాలి. లేచి కూర్చున్నా సరే ఆసుపత్రిలో చూపించాలి, గుండె లయ తరువాత కూడా తప్పవచ్చు.

వీధిలోనో పొలంలోనో లైను తీగ తెగిపడితే ఈ కర్ర ఉపాయం పనికిరాదు. అది 11,000 వోల్టుల తీగ కావచ్చు, చుట్టూ తడి నేలలోకి కూడా వోల్టేజీ పాకి ఉంటుంది. పశువులను, పిల్లలను దూరంగా ఉంచి, విద్యుత్ సంస్థ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేసి, లైను ఆపామని సిబ్బంది చెప్పాకే దగ్గరికి వెళ్లాలి.